ముక్కులో యాభై గ్రాములు

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఎవరూ చూడకుండా ఇంట్లోంచి జారుకుని, ఎనిమిదింటికల్లా ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి కాఫీ తాగాలన్నది పళ్ళ మేస్త్రి వేసుకున్న పథకం. పళ్ళ మేస్త్రి అంటే పళ్ళు పీకే డాక్టరు కాదు. డాక్టర్లు పీకేసిన చోట పెట్టుకోవడానికి కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. ఇంటి ముందు గదే అతని వర్క్‌షాపు. ఆ వీధిలో పెద్దవాళ్ళ నవ్వుల్లో సగం అతని చేతి పనే. అంత మర్యాదస్తుడు సొంత ఇంట్లోంచి దొంగలా బయటపడాల్సిన అవసరం ఏమిటంటే, అతని చేతిలో రెండు మీటర్ల రెక్కలున్న బొమ్మ విమానం ఉంది, ఇంట్లో మామగారు ఉన్నారు.

మామగారికీ విమానాలకీ పడదన్నది ఇరవై ఆరేళ్ళ కిందటి సంగతి. పెళ్ళికి ముందు మేస్త్రికి బొమ్మ విమానాల పిచ్చి ఉండేది. కాబోయే మామగారు మొదటిసారి వాళ్ళింటికి వచ్చి వరండాలో కూర్చున్న పూట, మేడ మీది నుంచి వదిలిన, ఇంజను లేని గ్లైడరు విమానం ఒకటి చక్కగా గిరికీ కొట్టి, ఆయన కళ్ళజోడును ఎత్తుకుపోయి, పూలకుండీలో దిగింది. మామగారు రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగి. ఆయన గొంతు విప్పితే మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి సామాన్లు సర్దుకునేవారట. ఆయన లేచి, కళ్ళజోడు తీసుకుని, తుడుచుకుని, ఒకే ఒక్క మాట అన్నారు. "అబ్బాయి విమానాలు ఎగరేస్తాడు." అది తీర్పు అనుకున్నాడు మేస్త్రి. ఆ సాయంత్రమే కర్రలూ, కాగితాలూ, బ్లేడులూ ఒక ట్రంకు పెట్టెలో పడేసి తాళం వేశాడు. పెళ్ళి జరిగింది. తాళం మాత్రం తెరుచుకోలేదు.

కిందటి నెల అటక మీద ఇంకేదో వెతుకుతుంటే ఆ పెట్టె బయటపడింది. అడుగున సగం కట్టిన గ్లైడరు నమూనా కాగితం, పసుపు రంగుకు తిరిగి, మడతల దగ్గర చిరిగి ఉంది. దాన్ని నేల మీద పరుచుకుని మేస్త్రి గంటసేపు అలాగే కూర్చుండిపోయాడు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసే భార్య వచ్చి, అతని మొహం చూసి, రోగం ఏమిటో ఒక్క చూపులో తేల్చేసింది.

"కట్టుకోండి. కానీ నాన్న కంటపడనివ్వకండి. ఆయన ఏదో అన్నాడని మళ్ళీ మానేస్తే, మీ ఈ మొహం చూస్తూ ఇంకో ఇరవై ఆరేళ్ళు నేను గడపలేను."

అలా మొదలైంది. మధ్యాహ్నాలు మామగారు భోంచేసి కునుకు తీసే వేళ, పెరట్లో బట్టలుతికే గదిలో పని. దూదిలా తేలికైన బాల్సా కర్రను పళ్ళు చెక్కే చాకుతోనే చెక్కాడు. రెక్కల మీద పల్చని కాగితం అతికించి, నీళ్ళు చిలకరించి, బిగుసుకున్నాక వార్నిష్ పూశాడు. ముక్కు దగ్గర బరువు పెట్టుకునే చిన్న గదికి మూత కావలసి వస్తే, తన దగ్గర డబ్బాలకొద్దీ ఉన్న సామానుతో చేసేశాడు. అది కట్టుడు పళ్ళకు చిగుళ్ళు పోసే గులాబీ రంగు సామాను. అందుకని విమానం ముక్కు మాత్రం బాగా ఆరోగ్యంగా కనిపించేది. ఎగిరిపోతే దొరికినవాళ్ళు తెచ్చివ్వడానికి విమానం మీద యజమాని చిరునామా రాయడం ఆ సరదా ఉన్నవాళ్ళందరికీ అలవాటు. మేస్త్రి రాయడం ఎందుకని వర్క్‌షాపు రబ్బరు ముద్రే కొట్టేశాడు. 'కట్టుడు పళ్ళు సరిచేయబడును' అన్న మాటలు, కింద చిరునామా, ఎడమ రెక్క మీద నీలం సిరాలో దిగాయి.

ఒక్క చిక్కు మిగిలింది. విమానం తోక బరువుగా ఉంది. రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే వెనక్కి వాలిపోతుంది. ముక్కులో యాభై గ్రాములు పెడితేగానీ సరిపోదని శనివారం సాయంత్రం త్రాసులో తూచి మరీ తేల్చాడు. పొద్దున గ్రౌండులో సీసం ముక్కలు వేసి సరిచేద్దామని జేబులో పెట్టుకున్నాడు.

తీరా ఆదివారం పొద్దున గ్రౌండులో విమానాన్ని వేళ్ళ మీద ఎత్తి చూస్తే, అది నిటారుగా, కదలకుండా, బుద్ధిగా నిలబడింది. సీసం ముక్కతో పనే లేదు. మేస్త్రి మళ్ళీ చూశాడు. ముక్కు కొంచెం కూడా లేవలేదు, తోక కొంచెం కూడా దిగలేదు. తెలివైనవాడైతే మూత తీసి చూసేవాడు. మేస్త్రి నెలరోజులు కష్టపడ్డవాడు. 'తోక మీది వార్నిష్ ఆరి తేలికైపోయిందన్నమాట' అని తనకు తానే చెప్పుకుని, తన పనితనానికి తానే మురిసిపోయాడు.

విమానం కింది కొక్కేనికి దారం చివర తగిలించి, గాలికి ఎదురుగా పరుగు తీశాడు. యాభై ఒక్క ఏళ్ళ మోకాళ్ళు రెండూ గొణిగాయి. చేతులు వణికాయి. పది అడుగులకే దారం బిగుసుకుంది, వెనక్కి తిరిగి చూస్తే గ్లైడరు తలెత్తి పైకి, ఇంకా పైకి, గాలిపటంలా లేస్తోంది. నడినెత్తికి రాగానే దారం దానంతటదే ఊడి కింద పడింది. చప్పుడు లేదు. పొద్దుటి ఎండ రెక్కల కాగితంలోంచి పడి లోపలి ఈనెలన్నీ లెక్కపెట్టుకునేలా కనిపించాయి. మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. ఇరవై ఆరేళ్ళు ఇది లేకుండా ఎలా ఉన్నానా అనిపించింది.

మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టులో కిందికి రావలసింది పైకి పోయింది. వేడెక్కిన గాలి దాన్ని ఎత్తుకుంది. ఇలాంటి సందర్భం కోసమే తోక దగ్గర చిన్న టైమరు ఉంటుంది, మూడు నిమిషాలకు తోకను పైకి లేపి విమానాన్ని మెల్లగా దించేస్తుంది. దానికి కీ ఇవ్వాలి. మేస్త్రి ఆ సంగతి ఇరవై ఆరేళ్ళ కిందట మరిచిపోయాడు. గ్లైడరు కొళాయి ట్యాంకు మీదుగా, బడి గోడ మీదుగా సాగిపోయి, చుక్కంత అయి, ఆ చుక్క కూడా లేకుండా పోయింది. మేస్త్రి రెండు గంటలు సందులన్నీ గాలించి, దారం ఉండ ఒక్కటీ చేతబట్టుకుని ఇంటిమొహం పట్టాడు.

ఇంట్లో అతని భార్య ఇల్లు పీకి పందిరేస్తోంది. పరుపులు తిరగేసి ఉన్నాయి. బియ్యం డబ్బా ఖాళీ అయి ఉంది. మామగారు కుర్చీలో పెదాలు బిగించుకుని కూర్చుని, పెన్సిలుతో కాగితం ముక్క మీద రాసి చూపించారు. 'పళ్ళు కనిపించుటలేదు.'

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి స్టేషన్లో పనిచేసి రిటైరైన ఉద్యోగుల సంఘం వార్షికోత్సవం. మామగారు ఐదు నిమిషాలు స్వాగతం చెప్పాలి. అందుకోసమే వదులైన పళ్ళు రెండు వరసలూ బిగువు చేసి, శనివారం సాయంత్రం నీలం డబ్బాలో పెట్టి, అలమరలో ఉంచాడు మేస్త్రి. డబ్బా ఉంది. అందులో నీళ్ళున్నాయి. పళ్ళు లేవు.

"మీరే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటారు," అంది భార్య.

"నేను ఊళ్ళోవాళ్ళ పళ్ళే మరిచిపోను, మామయ్యగారి పళ్ళు మరిచిపోతానా?"

"మరి పిల్లి ఎత్తుకుపోయిందేమో. ఎంత బరువుంటాయేంటి అవి?"

"రెండూ కలిపి, తడిగుడ్డలో చుడితే ఒక యాభై గ్రా..." అన్నాడు మేస్త్రి. అక్కడ ఆగిపోయాడు. భార్యను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళాడు.

"పళ్ళు ఎక్కడున్నాయో తెలిసింది."

"ఎక్కడ?"

"ఎగురుతున్నాయి."

హెడ్ నర్సు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో చాలా విన్నది. అయినా స్టూలు లాక్కుని కూర్చుంది. మతిమరుపులో తానే డబ్బా అనుకుని ముక్కులో పెట్టేసి ఉంటానని మేస్త్రి, మూత తీసి చూడకుండా ఎలా వదిలారని ఆమె, కాసేపు గుసగుసలతోనే పోట్లాడుకున్నారు. కొత్తవి చెయ్యాలంటే రెండు రోజులు. వర్క్‌షాపు అద్దాల బీరువాలో నమూనాకు పెట్టిన పళ్ళు తెచ్చి మామగారికి పెట్టి చూశారు. అవి మనిషికి రెండింతలు. ఆయన నోరు మూతపడలేదు. అద్దంలో తనను తాను చూసుకుని, తీసి బల్ల మీద పెట్టేసి, 'వద్దు' అని రాశారు. గమ్మత్తేమిటంటే ఆయన పెద్దగా బాధపడుతున్నట్టు లేదు. ఆ గొడవలో ఎవరూ అది గమనించలేదు.

చివరికి భార్య సంఘం కార్యదర్శికి ఫోను చేసింది. పళ్ళు ఎగిరిపోయాయని చెబితే తండ్రి పరువు పోతుందని, ఆస్పత్రి భాషలో చెప్పింది. "నాన్న మాట్లాడే పరిస్థితిలో లేరండీ. ఇవాళ పొద్దుటి నుంచే. మేమంతా ప్రయత్నిస్తున్నాం."

ఫోను పెట్టేసిన కార్యదర్శి, పక్కనున్న పాత పార్సిలు గుమాస్తాతో, ఆయనకు మాట పడిపోయిందన్నాడు. పార్సిలు గుమాస్తా ఇంకో నలుగురికి చెప్పాడు. రెండున్నరకల్లా మొహాలు వేలాడేసుకుని, యాపిల్ పళ్ళ సంచులు పట్టుకుని, ఆరుగురు దిగారు. నోట్లో పన్ను లేని మనిషికి అన్ని యాపిల్ పళ్ళు చూసి మామగారు కళ్ళు మూసుకున్నారు. దాంతో వాళ్ళకు జబ్బు ఖాయమైపోయింది. చుట్టూ కూర్చుని, ఆయనకు వినిపించదన్నట్టుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

"ఏం గొంతండీ అది. ఆయన 'ప్రయాణికులకు మనవి' అంటే పట్టాల మీద పావురాలు లేచిపోయేవి."

"ఉండేది," అన్నాడు పార్సిలు గుమాస్తా, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ సమయానికి గుమ్మంలో ట్రాఫిక్ పోలీసు నిలబడ్డాడు. చంకలో గ్లైడరు. ఒక రెక్క విరిగి వేలాడుతోంది. మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఈ ముద్ర ఎవరిది?" అన్నాడు పోలీసు. "మా ఔట్‌పోస్టు వెనక, పట్టుకొచ్చిన బళ్ళు పెట్టేచోట దిగింది. విమానం ఎవరిది?"

మామగారు కళ్ళు తెరిచి అల్లుడినే చూస్తున్నారు. వర్క్‌షాపు ప్రచారం కోసం ఎవరో చేసిచ్చారని ఒక అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ పొద్దుట ఆకాశంలో దాన్ని చూసిన కళ్ళతో ఆ అబద్ధం ఆడలేకపోయాడు మేస్త్రి.

"నాదేనండీ. నేనే కట్టాను. నేనే ఎగరేశాను," అన్నాడు, మామగారి వైపు చూడకుండా.

"సరే. మరి ఇవి?" పోలీసు గులాబీ రంగు మూత పైకి ఎత్తాడు. విమానం నోరు తెరిచింది. లోపల తడిగుడ్డ మీద రెండు వరసల పళ్ళు గదిలో అందరినీ చూసి నవ్వాయి. "విమానంలో మనిషి పళ్ళు పంపిస్తే, మనిషి ఎక్కడున్నాడని మేం అడగాలి కదా. డ్యూటీ."

"మా నాన్నవండీ," అంది భార్య.

"మీవేనా పెద్దాయనా?"

మామగారు తల అడ్డంగా ఊపారు.

మేస్త్రికి భయమంతా ఎటో పోయి, పనివాడి పౌరుషం వచ్చింది. "మామయ్యగారూ, అవి నేను చేసినవి. కింది వరసలో ఎడమ పక్క మూడోది కాస్త వంకరగా పెట్టమని మీరే అడిగారు, సహజంగా ఉంటుందని. చూడండి, ఇదిగో వంకర."

మామగారు మళ్ళీ అడ్డంగానే ఊపారు. పోలీసు నోటుబుక్కు తీశాడు.

"సొంత పళ్ళు కూడా గుర్తుపట్టలేకపోతున్నారు పాపం," అని గొణిగాడు కార్యదర్శి. తర్వాత వంగి, మామగారి చెవిలో, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "మీరేం దిగులు పెట్టుకోకండి. స్వాగతం ఆగదు. ఇప్పుడు స్టేషన్లో మోగుతోంది చూశారూ, ఆ రికార్డు గొంతు, దాంతోనే చెప్పించే ఏర్పాటు చేశాం."

"ఆ గొంతు కూడా ఏం తక్కువ కాదు లెండి," అన్నాడు పార్సిలు గుమాస్తా, ఓదార్పుగా. "ఒక్క మాట తడబడదు. మనకంటే స్పష్టంగానే ఉంటుంది, నిజం చెప్పాలంటే."

మామగారు లేచి నిలబడ్డారు. పోలీసు ముందుకు వెళ్ళి అరచెయ్యి చాపారు. పళ్ళు లేని నోటితోనే, గది కిటికీలు అదిరేలా అన్నారు.

"ఇలా ఇవ్వండి. నావే."

పెరట్లో కొళాయి దగ్గర మేస్త్రి పళ్ళు కడుగుతుంటే, మామగారు పక్కన నిలబడ్డారు. లోపల పోలీసు యాపిల్ పండు తింటూ, తన తల్లి పై వరస వదులైందనీ ఎప్పుడు తీసుకురమ్మంటారనీ మేస్త్రి భార్యను అడుగుతున్నాడు.

"విమానంలో పెట్టింది నేనే అల్లుడుగారూ," అన్నారు మామగారు, నేల చూపులతో. "పళ్ళు లేకపోవడం వల్ల మాట తేలిపోతోంది, అర్థమవుతోందా?"

"అవుతోందండీ. కానీ ఎందుకు?"

"పధ్నాలుగేళ్ళైంది మైకు ముందు నిలబడి. నిన్న గదిలో తలుపేసుకుని ఒకసారి చెప్పి చూసుకున్నా. గొంతు వణికింది. అంతమంది ఆ పాత గొంతే గుర్తుపెట్టుకుని వస్తారు. వాళ్ళ ముందు అది వణికితే ఎలా? పళ్ళు లేవంటే ఎవరూ తప్పుపట్టరు కదా అనుకున్నా."

"విమానమే దొరికిందా మీకు?"

"ఎక్కడ దాచినా అమ్మాయి పట్టేస్తుంది, దాని ఉద్యోగమే అంత. విమానం సంగతి మీరిద్దరూ నా దగ్గర దాస్తున్నారు. కాబట్టి అందులో వెతుకుదామని నా ఎదుట ఇద్దరూ అనలేరు. మీరు ఇవాళే ఎగరేస్తారని నాకేం తెలుసు? గుడ్డ తడిపి మరీ చుట్టాను, ఎండిపోకూడదని మీరే చెప్పారుగా."

మేస్త్రి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. "మీకు విమానం సంగతి తెలుసా?"

"నెలరోజులుగా. నాకు పోయింది పళ్ళు, ముక్కు కాదు. ఆ వార్నిష్ వాసనకి ఎవడికి నిద్రపడుతుంది? కళ్ళు మూసుకుని పడుకునేవాణ్ణి, మీ పని చెడగొట్టడం ఎందుకని."

"మీకు విమానాలంటే పడదు కదండీ. ఆ రోజు అన్నారుగా, అబ్బాయి విమానాలు ఎగరేస్తాడు అని."

"అనలేదు, అడిగాను," అన్నారు మామగారు. "ఎగరేస్తాడా అని. అవునంటే ఒకటి నా చేతికి ఇమ్మందామని. ముప్ఫై ఏళ్ళు మైకులో మాట్లాడితే ఏదడిగినా ప్రకటనలాగే ఉంటుంది, ఏం చెయ్యను? మీ అత్తగారు కూడా అదే అనేది, కూరలో ఉప్పు కావాలన్నా భయమేస్తుందని. మీరేమో మర్నాటికల్లా అంతా సర్దేశారు. ఇంక అడిగితే బాగుండదని ఊరుకున్నా."

మేస్త్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై ఆరేళ్ళు ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఊరుకున్నారు. అతను తల తిప్పుకుని, ఆ పళ్ళను అవసరమైన దానికంటే ఎక్కువసేపు కడిగాడు. తర్వాత అన్నాడు.

"పొద్దుట దారం పట్టుకున్నప్పుడు నా చేతులు కూడా వణికాయండీ."

"తర్వాతో?"

"తర్వాత అది ఎగిరింది. ఇంక చేతుల సంగతి నాకు గుర్తులేదు."

మామగారు నోరు తెరిచారు. మేస్త్రి తన చేతులతోనే పై వరస, కింది వరస సర్ది, బొటనవేలితో నొక్కి చూశాడు. సరిగ్గా కూర్చున్నాయి.

నాలుగింటికి హాలు కిక్కిరిసి ఉంది. మాట పడిపోయిందన్న వార్త ఊరంతా పాకడంతో, ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. మామగారు మైకు ముందు నిలబడ్డారు. మొదటి మాట వణికింది. రెండో మాట కూడా వణికింది. మూడో వరసలో మేస్త్రి, భార్య చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు కూడా మొక్కనంతగా మొక్కుకున్నాడు. అప్పుడు మామగారు ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, 'ప్రయాణికులకు మనవి' అన్నారు. అలవాటుకొద్దీ ముందు వరసలో ఇద్దరు లేచి నిలబడ్డారు.

అక్కడి నుంచి ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. వరదల్లో ఆగిపోయిన బండ్లు, తప్పిపోయిన గొడుగులు, ప్లాట్‌ఫారం మీద పుట్టిన ఆడపిల్ల, ఒక్కొక్కటీ వేళతో సహా చెప్పుకొచ్చారు. హాలు నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. ఐదు నిమిషాలు గంటైంది. కార్యదర్శి 'సమయం మించిపోయినది' అని చీటీ రాసి పంపించాడు. చేతికొచ్చిన చీటీ ఏదైనా చదివేయడం ఆయన వృత్తి కాబట్టి, దాన్ని కూడా రెండుసార్లు స్పష్టంగా చదివి వినిపించి, మళ్ళీ మొదలుపెట్టారు. గంటన్నర దాటాక కార్యదర్శి పిల్లి అడుగులు వేసుకుంటూ వేదిక వెనక్కి వెళ్ళి మైకు ఆపేశాడు.

మామగారు ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడారు. మైకు ఆగిపోయిన సంగతి చివరి వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా తెలియలేదు.